వాయిదా మీద నిలిచిన వంతెన

విల్ఫ్ హెస్లప్ బొగ్గుగనిలో ముప్పై నాలుగేళ్లు వడ్రంగి పని చేశాడు. ఆ పని అతనికి ఎవరూ నేర్పలేదు. పదహారో ఏట పాత పనిముట్ల పెట్టె ఒకటి చేతికొస్తే, ఏ ఉలి దేనికో బోలెడంత చెక్క పాడుచేసి తెలుసుకున్నాడు. భూమి అడుగున కప్పుకి ఆనించిన దుంగ గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. అది నిలబడుతుంది, లేదంటే కూలుతుంది. అలాంటి చోట బతికినవాడు కాబట్టి, గని మూతపడ్డాక నేలమీది మనుషులతో అతనికి అంతగా పొసగలేదు.

నేలమీది మనుషులంటే విండర్‌బర్న్ వాళ్లం, అంటే మేమే. మా ఊరికీ కూరతోటలకీ మధ్య ఒక వాగుంది. దాని మీద చెక్కల కాలివంతెన. ఆ ఏడు మార్చిలో పోస్ట్‌మాన్ కాలు ఒక పలకలోంచి మోకాలిదాకా దిగిపోయింది. కాలికేం కాలేదు, ప్యాంటు పోయింది. మర్నాడే ఊరి కౌన్సిల్ వాళ్లు రెండు చివరలా గొలుసులు కట్టి, ‘మూసివేయడమైనది’ అని బోర్డు పెట్టారు. బోర్డు మీద అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఆ తర్వాత కౌన్సిల్ ఆ వంతెనకి చేసిన పని ఇంకేమీ లేదు.

వంతెనకి అవతల విల్ఫ్ భార్య హిల్డా తోట ఉంది. మా వైపు సెప్టెంబరులో లీకుల పోటీ జరుగుతుంది. లీకులంటే ఉల్లికాడలకి పెద్దన్నల్లాంటివి. వాటిని టేపు పెట్టి కొలుస్తారు, ఓడినవాళ్లు శీతాకాలమంతా ముఖం చాటేస్తారు. హిల్డా ఇరవై రెండేళ్లుగా పోటీకి దిగుతోంది. ఒక్కసారి కూడా బహుమతి రాలేదు. ఆ ఏడు మాత్రం, చనిపోయిన అన్న దాచిపెట్టిన విత్తనం నాటింది. మొక్కలు ఏప్రిల్‌కే బొటనవేలంత లావయ్యాయి. వంతెన మీదుగా అయితే తోట నాలుగు నిమిషాల దూరం. రోడ్డు చుట్టూ తిరిగితే రెండు మైళ్లు. హిల్డా మోకాలు రెండు మైళ్లు నడవగలిగే మోకాలు కాదు.

“నేను వెళ్లి నీళ్లు పోసొస్తాలే హిన్నీ,” అన్నాడు విల్ఫ్. మా వైపు భార్యని ముద్దుగా అలాగే పిలుస్తారు.

“నువ్వు నీళ్లు పోస్తే అక్కడ పెరిగేది లీకులు కాదు, చేపలు.”

అందుకని తోట పనికి వాడే ఒంటిచక్రం బండిలో దిండు వేసి, భార్యను కూర్చోబెట్టి, రోజూ రెండు మైళ్లు తోసుకెళ్లేవాడు. బస్సులో వెళ్లేవాళ్లు చేతులూపేవాళ్లు.

ఏప్రిల్ మొదటి మంగళవారం విల్ఫ్ కౌన్సిల్ మీటింగుకి వెళ్లాడు.

“దూలాలు గట్టిగా ఉన్నాయి చైర్మన్ గారూ, ఉలితో గుచ్చి చూశాను. పైన పదకొండు పలకలు పుచ్చిపోయాయి. చెక్క నా షెడ్డులో ఉంది. ఒక్క శనివారం చాలు.”

చైర్మన్ పాటిన్సన్ బ్యాంకులో రిటైరైన మనిషి. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“మేం కాదనడం లేదు విల్ఫ్. పుటాఫ్ చేస్తున్నాం, అంతే.”

ఇది మా ఊళ్లో రోజూ వినే మాటే. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లడం పుటాఫ్ చేస్తాం. అత్తగారిని భోజనానికి పిలవడం ఇంకా ఎక్కువసార్లు పుటాఫ్ చేస్తాం. ఆ మాట ఇంట్లో తొడుక్కునే పాత బనీను లాంటిది. కౌన్సిల్ తీర్మానాలు రాసుకునే మినిట్స్ పుస్తకంలోకి రావాలంటే మాత్రం పైన కోటు వేసుకోవాలి. ఆ పుస్తకం రాసే మిస్ డాడ్స్ దగ్గర అలాంటి కోట్లు బీరువా నిండా ఉండేవి. ఏప్రిల్‌లో ‘వాయిదా వేయడమైనది’ అని రాసింది. మేలో ‘తదుపరి పరిశీలనకై నిలిపి ఉంచడమైనది’. జూన్‌లో ‘తగు సమయం వరకు పక్కన ఉంచడమైనది’. ఒకే మాట వరసగా రెండు నెలలు రాస్తే పని జరగడం లేదని తెలిసిపోతుందని ఆవిడ భయం. మాట మారితే వ్యవహారం కాస్త ముందుకు కదిలినట్టు ఉంటుంది.

“ఈసారి ఏమన్నారు?” అంది హిల్డా.

“తగు సమయం రావాలట.”

“వస్తే మన గిన్నెల అలమర దగ్గరికి కూడా రమ్మను. దాని తలుపు ఊడి పదకొండేళ్లయింది.”

“అది వేరు హిన్నీ. సరైన కీలు దొరకడం లేదు.”

“వాళ్లకీ ఏదో దొరకడం లేదులే పాపం.”

విల్ఫ్ షెడ్డులోకి వెళ్లాడు. పలకలు కోశాడు, చిత్రిక పట్టాడు, బోల్టులకు బెజ్జాలు వేశాడు, ఒకటి నుంచి పదకొండు దాకా అంకెలు వేశాడు. నీళ్లు నిలవకుండా ఒక్కో పలక అంచునీ కొంచెం వాలుగా చెక్కాడు. ఇక బిగించడమే తరువాయి. అయితే పాటిన్సన్ ఇంటి కిటికీ సరిగ్గా వంతెనకు ఎదురుగా ఉంది. ఆయన పొద్దస్తమానం ఆ కిటికీలోనే కూర్చుంటాడు. ఎవరైనా గొలుసు ముట్టుకుంటే చాలు, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పరిగెత్తుకొస్తాడు. నెలకి ఒక్క సాయంత్రమే ఆ కుర్చీ ఖాళీగా ఉంటుంది.

జూలై మొదటి మంగళవారం ఏడింటికి కౌన్సిల్ హాల్లోకి వెళ్లింది, విల్ఫ్ వంతెన మీదికి వెళ్లాడు. ఆ నెలలో మాకు పదింటిదాకా వెలుతురు ఉంటుంది. హిల్డా ఒడ్డున స్టూలు వేసుకుని, ఒడిలో బిస్కెట్ల డబ్బా పెట్టుకుంది. డబ్బాలో ఉన్నవి బోల్టులు.

అసలు బిస్కెట్లు హాల్లో ఉన్నాయి. అక్కడ పెద్ద చిక్కొచ్చి పడింది. మిస్ డాడ్స్ దగ్గర మాటలు అయిపోయాయి.

“‘స్తంభింపజేయడమైనది’ అని రాస్తే?” అన్నాడు పాటిన్సన్.

“అలా రాస్తే మనమే ఆపినట్టుంటుంది,” అంది మిసెస్ చార్ల్‌టన్. ఆవిడ మాంసం కొట్టు నడుపుతుంది.

“‘దీర్ఘకాలిక ప్రణాళికలో చేర్చడమైనది’?”

“‘మురగబెట్టడమైనది’ అని రాయండి. మా కొట్టులో అయితే అదే అంటాం.”

ముప్పావుగంట వాదించుకున్నారు. మధ్యలో టన్ టన్‌మని చప్పుడు మొదలైంది.

“ఎవరో సుత్తి కొడుతున్నారు. బుర్ర పనిచేయనివ్వడం లేదు. ఆ కిటికీ కాస్త వేయండి,” అన్నాడు చైర్మన్.

వేశారు.

తొమ్మిదింపావుకి విల్ఫ్ పదకొండో పలక బిగించి, దాని మీద మూడుసార్లు గెంతి చూశాడు. హిల్డా కర్ర పట్టుకుని నాలుగు నిమిషాల్లో అవతల తోటకి వెళ్లింది. ఆమె తిరిగి వచ్చేసరికి కౌన్సిల్ మొత్తం ఒడ్డున నిలబడి ఉంది.

“ఎవరి అనుమతితో చేశావు?” అన్నాడు పాటిన్సన్.

“ఎవరిదీ లేదు చైర్మన్ గారూ.”

“అయితే తీసేయాలి.”

విల్ఫ్ ఆయనకి స్పానర్ అందించబోయాడు. “తీసేయండి. బోల్టు ఎడమవైపు తిప్పాలి.”

పాటిన్సన్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. “తీర్మానం లేకుండా నేను దేన్నీ ముట్టుకోను.”

“నాకేం తొందర లేదండీ,” అన్నాడు విల్ఫ్.

ఆగస్టు మీటింగులో ‘అనుమతి లేని వంతెన తొలగింపు’ ఆరో అంశంగా వచ్చింది. తొలగించాలంటే మనిషి కావాలి. ఆ పని తెలిసిన మనిషి ఊళ్లో ఒక్కడే, ఆ ఒక్కడూ విల్ఫే. కాసేపు దగ్గుకున్నారు. మిస్ డాడ్స్ ముఖం మాత్రం ఒక్కసారిగా వికసించింది. ఇది కొత్త వ్యవహారం కనుక పాత మాటలన్నీ మళ్లీ మొదటి నుంచి వాడుకోవచ్చు. హాయిగా ‘వాయిదా వేయడమైనది’ అని రాసుకుంది.

సెప్టెంబరు పోటీలో హిల్డాకి మూడో బహుమతి వచ్చింది. గులాబీల బొమ్మలున్న టీ కప్పుల సెట్టు. విండర్‌బర్న్‌లో సగం మంది ఆ కొత్త వంతెన మీదుగానే నడిచి హిల్డా తోట చూడ్డానికి వచ్చారు, పాటిన్సన్‌తో సహా. ఆయన రెయిలింగు పట్టుకుని మరీ నడిచాడు.

ఇంటికొచ్చాక హిల్డా కప్పుల్ని అలమరలో ఒక్కొక్కటిగా సర్దింది. వెనక్కి జరిగి చూసుకుంది.

“తలుపు లేకపోతే దుమ్ము పడుతుంది.”

“ఈ వారం కాదులే. వచ్చే నెల చూద్దాం,” అన్నాడు విల్ఫ్.

హిల్డా సొరుగులోంచి పెన్సిలూ, కిరాణా చీటీ తీసింది.

“ఏం రాస్తున్నావు?”

“మినిట్స్. నువ్వే చెప్పు, ఏ మాట వేయమంటావు?”

విల్ఫ్ ఆ పెన్సిలు వైపు చూశాడు. తర్వాత లేచి, టోపీ పెట్టుకుని షెడ్డుకి వెళ్లాడు. కీలు అక్కడి బల్ల మూడో సొరుగులోనే ఉంది.