యారాలి నోట నా మాట

మా అత్తగారి ఊరు మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ నీళ్లు చిట్టచివర అందే చోట. మా మామగారు ఆ ఊళ్లోనే వ్యవసాయం చేసేవారు. పెద్ద కొడుకు, కోడలు కోదాడలో ఉండేవారు, మేము సూర్యాపేటలో. కోడళ్లం ఇద్దరమూ టీచర్లమే. నేను ఒక ప్రైవేటు హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని, మా యారాలు కోదాడలో సోషలు. ఆమెను అక్కా అనే పిలిచేదాన్ని. పిలిచిన ప్రతిసారీ లోపల ఏదో కలుక్కుమనేది.

ఆమె నోరు తెరిస్తే ఇంట్లో అందరూ చేస్తున్న పని ఆపేవారు. కోదాడ ఆంధ్రా అంచు కావడం వల్లనేమో, ఆమె మాటలో ఒక నునుపు ఉండేది. నవ్వుతూ మొదలుపెట్టి, ఎదుటివాళ్లు తలూపేదాకా తీసుకుపోయేది. నేను మాట్లాడుతుంటే మాత్రం మామ లేచి బర్రెకు గడ్డి వేయడానికి వెళ్లేవాడు.

2009లో నార్లు పోసే రోజుల్లో వాన చుక్క లేదు. తీరా పైరు ఎదిగాక కృష్ణ పొంగింది, కుండపోతలు వచ్చాయి. ఆ దీపావళికి అందరం ఊళ్లో కలిశాం. వాకిట్లో కూర్చున్నప్పుడు నేనే ఎత్తుకున్నాను.

"ఇది ఒక్క ఏడుతోని పోయేది కాదు మామా. భూమి వేడెక్కుతుంది. వానలు గిట్లనే తిక్కతిక్కగ వస్తయి. యాసంగిల, రెండో పంటకు, సగం పొలంల వరి బంద్ పెట్టి పెసలు ఏద్దాం. నీళ్లు తక్కువైనా చేతికొస్తయి."

"నీ బడి పిల్లలకు చెప్పు బిడ్డా గా ముచ్చట. కరువులు మేం సూడలేదా?" అన్నాడు మామ.

అప్పుడు అక్క అందుకుంది. "ఎండలు ముదిరిన మాట నిజమే చెల్లీ, నేను కాదనటం లేదు. కానీ మామయ్య పొలంలో ఎంత పొగ లేస్తది? ఈ రైసు మిల్లులు చూడు, డాబా మీద చీర ఆరేస్తే నల్లటి నుసి పడతంది. పట్నంలో ఆ కార్లు, ఆ ఏసీలు! తగ్గించుకోమని ముందు వాళ్లకు చెప్పాలి గానీ, ఎకరం రెండెకరాల మీద బతికే రైతుకా చెప్పేది?"

మామ తొడ మీద చరిచాడు. "గట్ల చెప్పు!" మా ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు మూడు పూటలా గుర్తొచ్చింది.

ఆ మరుసటి ఏడు సూర్యాపేటలో టీచర్లకు ఒక చర్చా కార్యక్రమం పెట్టారు. వాతావరణ మార్పు నిజంగా అంత ప్రమాదమా, అయితే ఎవరేం చేయాలి అన్నది విషయం. నేను పేరిచ్చాను. అక్క కూడా ఇచ్చిందని అక్కడికి వెళ్లాకే తెలిసింది. మామ పొద్దున బస్సుకే వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. నన్ను వినడానికి వచ్చాడనే అనుకున్నాను.

కార్బన్ డయాక్సైడ్ అంటే ఏమిటో, అది వేడిని ఎలా పట్టి ఉంచుతుందో బోర్డు మీద గీసి చెప్పాను. తప్పొక్కటీ పోలేదు. వెనక వరుసల్లో ఆవలింతలు మొదలయ్యాయి. అక్క చేతిలో కాగితం కూడా లేకుండా వచ్చి, కోదాడ బస్టాండులో వడదెబ్బకు పడిపోయిన ఒక ముసలమ్మ గురించి చెప్పింది. "ఆమె ఇంట్లో ఫ్యాను లేదు. ఈ వేడికి ఆమె చేసిన తప్పేంది?" అంది. హాలు హాలంతా చప్పట్లు. మామ లేచి నిలబడి కొట్టాడు. మొదటి బహుమతి ఆమెకే. మామను బస్సెక్కించేటప్పుడు నా చేతిలో ఆమె షీల్డు ఉంది. అక్క టీ తాగి వస్తానని నాకు పట్టుకొమ్మని ఇచ్చిపోయింది.

కొన్నాళ్లకు, కాలువ నీళ్లు వదులుతారో లేదో తెలియని యాసంగి ఒకటి వచ్చింది. ఊరికి వెళ్లి చూస్తే కాలువ వైపు మడుల్లో వరి బదులు పెసర చేను పచ్చగా ఉంది. నా గుండె ఉప్పొంగింది.

"నా మాట ఇన్నవా మామా?"

"నీ మాటనా? పెద్ద కోడలు చెప్పింది. నీళ్లు తక్కువున్నా పెసలు చేతికొస్తయన్నది."

పదాలు కూడా నావే. ఆ చేను గట్టు మీద నిలబడి, ఆ పెసలు పండకూడదని ఒక్క క్షణం కోరుకున్నాను. పండాయి. పక్కవాళ్ల వరి నీళ్లందక ఎర్రబడింది. మామ ఊరంతా పెద్ద కోడలి తెలివి చాటాడు.

ఉండబట్టలేక ఆదివారం కోదాడ వెళ్లాను. అక్క వంటింట్లో గోంగూర ఒలుస్తోంది.

"అది నా మాట అక్కా. నువ్వు ఎదురు వాదించిన మాట."

ఆమె తలెత్తలేదు. "నీదే. రైతును తప్పు పట్టొద్దన్నాను గానీ, పెసలు వద్దని నేనెప్పుడన్నాను? మామయ్యకు నువ్వు చెబితే పరీక్ష పెట్టినట్టుంటది. నేను ఆయన మోకాళ్ల నొప్పి అడిగి, ఎరువుల ధర అడిగి, అప్పుడు చెప్పాను."

"నా పేరు చెప్పొచ్చు కదా?"

అప్పుడు చేతులు ఆపింది. "చెప్పబుద్ధి కాలేదు. నీకు అన్ని సంగతులు తెలుసు. కార్బనూ, వేడీ... మామయ్య సంగతి వదిలెయ్, ఇంట్లో మిగతా ఎవరికి సందేహమొచ్చినా నీకే ఫోను చేస్తారు. నాకు మాటలే ఉన్నాయి."

ఆమెకూ నా మీద కుళ్లు ఉంటుందని నేనెన్నడూ అనుకోలేదు. జాలి పడాల్సింది. కానీ నాకు హాయిగా అనిపించింది. ఒక కట్ట నా ముందుకు లాక్కుని గోంగూర ఒలవడం మొదలుపెట్టాను. ఆ సాయంత్రమే ఆమె మామకు ఫోన్ చేసి, పెసల ఆలోచన చెల్లిదని చెప్పింది. ఫోను నాకు ఇచ్చింది.

"ఎవరు చెప్తేంది బిడ్డా, పంట అయింది గదా," అన్నాడు మామ. అంతే.

2014 ఎండాకాలంలో, స్కూలు సెలవుల్లో, మామే నాకు ఫోన్ చేశాడు. "వానలు ఎట్లుంటయంటవ్? ముందే నారు పొయ్యాల్నా, ఆగాల్నా?" జీవితంలో మొదటిసారి నన్ను అడిగాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, తెలిసిందంతా నెమ్మదిగా, మోకాళ్ల నొప్పి కూడా అడిగి, చెప్పాను. మధ్యలో ఆయన ఎక్కడికీ లేచిపోలేదు.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా," అన్నాడు. "సరే, ఒక్కసారి పెద్ద కోడలిని గూడ అడుగుత."