చేతులు కలిపితే

జీడిపిక్కలు కాల్చే పొగ వాసన తగిలితే ఇప్పటికీ నా గుండె ఝల్లుమంటుంది.

చిన్నప్పుడు టీవీ వార్తల్లో ఇజ్రాయెల్, పాలస్తీనా నాయకులు చేతులు కలిపిన పాత దృశ్యం చూపించేవారు. వెంటనే నల్లటి పొగ, పరిగెత్తే పిల్లలు. శత్రువులు చేతులు కలిపితే బాంబులు పడతాయని నేను అనుకున్నాను.

ఆ వేసవిలో, మందస దగ్గర మా ఊళ్ళో, జీడితోట గట్టు కోసం కత్తులదాకా వెళ్ళిన నాన్ననీ చిన్నాన్ననీ పెద్దలు మా అరుగు మీద కూర్చోబెట్టారు.

"సాలు, ఇంక సేతులు కలపండ్రా" అన్నాడు తాత.

నాన్న చేయి చాచాడు. చిన్నాన్న అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే పెరట్లో అమ్మ కాలుస్తున్న పిక్కలు టపటపా పేలాయి. నల్లటి పొగ ఇంటికప్పు మీదుగా లేచింది.

"వద్దు నాన్నా! సెయ్యి ఒగ్గేయ్! బాంబులు పడతన్నాయ్!" అంటూ నాన్న చేతికి వేలాడిపోయాను.

"బాంబులేటి తల్లీ, అవి పిక్కలు" అంటూ చిన్నాన్న నన్ను ఎత్తుకున్నాడు. నా చెవికి ఆనిన ఆయన గుండె కూడా దడదడా కొట్టుకుంటోంది.

ఆ గట్టు మీద మళ్ళీ గొడవ రాలేదు. టీవీలో మాత్రం పొగ ఆగలేదు. ఇప్పటికీ ఎక్కడైనా నాయకులు చేతులు కలుపుతుంటే నేను వాళ్ళ ముఖాలు చూడను. వెనకాల ఆకాశం చూస్తాను.