అమ్మ చేతులు విన్న మందు

నా చిన్నప్పుడు మామిడి పూత విరగబూసిందంటే ఊరంతా సంబరపడేది, మా ఇంట్లో మాత్రం అందరి గుండెల్లో రాయి పడేది. బంగారుపాళ్యం దగ్గర మాకు తోట ఉండేది. ఆ పూత గాలికే మా అమ్మకు ఉబ్బసం తిరగబెట్టేది. మంచం అంచున కూర్చుని, చేతులు మోకాళ్ల మీద ఆనించి, ఒక్కో ఊపిరి కోసం ఆమె పడే అవస్థ చూడలేక నేను దూడల కొట్టంలోకి పోయి చెవులు మూసుకునేదాన్ని.

ఒక ఏడు అది బాగా ముదిరితే, మా నాయన బంగారుపాళ్యం డాక్టరును స్కూటరు మీద పిలుచుకొని వచ్చాడు. ఆయన మా అమ్మ దండచేతికి అడ్రినలిన్ సూది వేశాడు. కాసేపటికి ఊపిరి తేలికపడింది. కానీ ముఖం తెల్లగా పాలిపోయింది, చేతులు గడగడా వణకసాగాయి. అంతే, మా అవ్వకు అంతా తెలిసిపోయింది. గంగమ్మ తల్లి కోడలి ఒంటి మీదికి వచ్చిందట. డాక్టరు పెరట్లో చేతులు కడుక్కుని వచ్చేలోపల పసుపునీళ్లు, వేపమండలు సిద్ధమయ్యాయి. ఇరుగుపొరుగు ఆడవాళ్లు దండాలు పెడుతూ నిలబడ్డారు.

"తల్లీ, ఏం కోరి వచ్చినావు? చెప్పు," అని అడిగింది అవ్వ.

"నేనే అత్తా. రవంత కాఫీ ఇయ్యి," అంది అమ్మ.

డాక్టరు నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. అవ్వ వేపమండలు దించనూ లేదు. అంతమంది పెద్దవాళ్ల మధ్య ఏడుస్తున్నది నేనొక్కదాన్నే కాబట్టి, ఆయన నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని, మీ నాయన తోటకు నీళ్లు ఎట్లా పారిస్తాడో చెప్పమన్నాడు.

నాకు తెలిసిందే కదా, చెప్పాను. నాయన మోటారు దగ్గర నిలబడి ఒక ఈల వేస్తాడు. అది వినగానే పై మడవ దగ్గరి మనిషి మట్టి వేసి కాలువ మూస్తాడు, కింది మడవ దగ్గరి మనిషి గట్టు తెంచి నీళ్లు వదులుతాడు. ఈల ఒకటే, వినే మనిషిని బట్టి పని. ఈ మందూ అంతేనన్నాడు డాక్టరు. దాని పిలుపు అందుకునే గ్రాహకాలు ఒంట్లో చోటుచోటా ఉంటాయట. చర్మం కింది రక్తనాళాల్లోవి వింటే ఆ నాళాలు బిగుసుకుంటాయి, అందుకే ముఖం పాలిపోయింది. కాళ్ల కండల్లోకి పోయే నాళాలు అదే పిలుపుకు వెడల్పవుతాయి. ఊపిరి గొట్టాల చుట్టూ పట్టేసిన కండరం వదులవుతుంది. చేతుల కండలేమో వణుకుతాయి.

"మీయమ్మ చేతులు వణికినాయంటే మందు పారిందని గురుతు. దానికి భయపడేది లేదు పాపా," అన్నాడు.

నిజంగానే నా భయం పోయింది. ఆ తర్వాత ఎప్పుడు సూది వేసినా కొట్టంలోకి పారిపోకుండా అమ్మ పక్కనే కూర్చుని ఆమె చేతులు చూస్తుండేదాన్ని. వణుకు మొదలు కాగానే పెద్ద డాక్టరమ్మలాగా అందరికీ చాటేదాన్ని. రానురాను అవ్వకు కూడా వేపమండల మీదకంటే నా మాట మీద నమ్మకం కుదిరింది.

తర్వాత ఇంకో పూతకాలంలో ఆయాసం పట్టింది పట్టినట్టే ఉండిపోయింది. డాక్టరు పొద్దున్నే వచ్చి ఒక సూది వేశాడు, ఆగి ఇంకొకటి వేశాడు. అమ్మ చేతులు అంతకుముందెన్నడూ లేనంతగా వణికాయి. వాటిని నా చేతుల్లో పట్టుకుని, "వణకతా ఉండాయి అవ్వా, ఇంక సరిపోతాది," అన్నాను. ఆ మాట నమ్మి అవ్వ కాఫీకి నీళ్లు పెట్టింది. అమ్మ నా వైపు చూసింది. మాట్లాడే ఊపిరి ఆమెకు లేదు. చిత్తూరు తీసుకుపోదామని నాయన తెచ్చిన కారు గుమ్మం ముందు ఆగేసరికి ఆమె చేతులు కదలడం మానేశాయి.

చేతులు వణికినాయి కదా అని డాక్టరును అడిగాను. 

"చేతులు విన్నాయి తల్లీ. ఊపిరి గొట్టాలు కఫంతో పూడుకుపోయినాయి. పిలుపు విని విని ఆడుండే గ్రాహకాలు గూడా అలిసిపోయినాయి," అన్నాడు.

ఇప్పుడు నేను తిరుపతిలో మా కూతురి దగ్గర ఉంటున్నాను. అమ్మ జబ్బే నాకూ వచ్చింది. నేను పీల్చే మందు ఆ అడ్రినలిన్‌కు చుట్టమే, అది పడగానే నా వేళ్లూ వణుకుతాయి. మందు బాగా పనిచేస్తోందని మా అమ్మాయి సంతోషపడుతుంది. నేను ఔననీ అనను, కాదనీ అనను. ఒక చోటికి అందిన పిలుపు అన్ని చోట్లకూ అందినట్టు కాదు. ఆ రోజు తర్వాత మంచాన ఉన్న ఏ మనిషి దగ్గరా ఇంక సరిపోతుందనే మాట నా నోటికి రాలేదు. నా విషయంలోనూ రాదు. వణికే వేళ్లను చీర చెంగులో దాచుకుని, ఊపిరి వస్తుందో రాదో చూస్తూ కూర్చుంటాను.