శ్యాంసన్ గారి క్యాసెట్ల భాండాగారం
వెలిగండ్ల శ్యాంసన్ గారు ప్రతి సినిమానూ మూడుసార్లు కొన్నవారు: మొదట వీడియో క్యాసెట్టుగా, తర్వాత సీడీగా, ఆపైన డీవీడీగా. అయినా ప్రాణమంతా క్యాసెట్ల మీదే. రోజూ ఉదయం ప్రార్థన ముగించి, పాత బనియను గుడ్డతో వాటిని తుడిచి, రీలు అంటుకోకుండా ఒక్కొక్కదాన్నీ ఒక చుట్టు తిప్పి బీరువాలో పెడతారు. మొన్న వారి చివరి ప్లేయరు కాలం చేసింది. కనిగిరి మెకానిక్కు మూత కూడా తీయకుండానే చేతులెత్తేశాడు. కబురు తెలిసి పక్కింటి కొండయ్య పరామర్శకొచ్చాడు.

"మామా, ఇంక అయ్యి ఆడవు గదా. ఆ రీలు ఇయ్యి, సజ్జ చేను చుట్టూ కట్టుకుంటా. గాలికి రొదబెడితే చిలకలు వాలవు."

"ముప్పై ఏండ్లు సాకింది చిలకల కోసమా?"

"ఇయ్యవయ్యా, ఆ బీరువాలో బట్టలన్నా పెట్టుకుంటా," అంది లోపలినుంచి భార్య ఎలీషబా.

మూడు రోజులు మథనపడి ఒకే ఒక్క సినిమా ఇచ్చారు. మర్నాడు కొండయ్యతో పాటు చేని గట్టున కూర్చుని, చుట్టూ కట్టిన రీలు గుయ్యిమంటుంటే చెవి ఒగ్గి విన్నారు. చిలకల గుంపు వచ్చి, పైన ఒక చుట్టు తిరిగి, పారిపోయింది. శ్యాంసన్ గారి ముఖం విప్పారింది.

"ప్లేయరు లేకుండా ఆడుతుండాది గదరా! మిగతాయి గూడా తీసకపో. కాకపోతే మొదలు తూర్పు గట్టున, క్లైమాక్సు పడమటి గట్టున రావాల. వరస తప్పిందా, మొత్తం చుట్టుకపోతా."