అండాశయాల కొసరు

కొసరు అడగని గిరాకీని మా నాన్న మనిషిగా లెక్కగట్టేవాడు కాదు. నాచారంలో మాది కిరాణా దుకాణం. కిలో కందిపప్పు పొట్లం కట్టించుకుని, పైన గుప్పెడు పుట్నాలో నాలుగు ఎండుమిరపకాయలో వేయించుకోకుండా వెళ్లిపోయేవాణ్ని చూసి, "వీడేం సంసారం జేస్తడు?" అనేవాడు. నేను గల్లాపెట్టె వెనక పెరిగినవాణ్ని. అడగనివాడు వెధవ అన్న సంగతి నాకు ఉగ్గుపాలతో పోశారు. అడిగినవాడు ఎంత పెద్ద వెధవ కాగలడో నేనే కనిపెట్టాను.

ఉప్పల్ చౌరస్తాలో మెట్రో కోసం రోడ్డు తవ్వుతున్న రోజులు. నా భార్యకు ముప్పై ఎనిమిదేళ్లు. మూడు నెలలుగా నెలసరి వస్తే పన్నెండు రోజులు, పదిహేను రోజులు ఆగడం లేదు. మనిషి సున్నం కొట్టిన గోడలా పాలిపోయింది. కొత్తగా తెరిచిన ఓ అద్దాల దవాఖానాకు తీసుకెళ్లాను. అద్దాలు చూసే వెళ్లాను, అబద్ధమెందుకు.

స్కానింగు కాగితం మీద "బల్కీ యుటెరస్" అని ఉంది. డాక్టరు దాన్ని ఒక్క చూపు చూశాడు. "గర్భసంచి ఉబ్బింది. హిస్టరెక్టమీ చేసేద్దాం. పిల్లలు పుట్టేశారు కదా, ఇంకా ఎందుకది?" అన్నాడు. వసారాలో అడ్డంగా ఉన్న పాత మంచం గురించి చెప్పినట్టు చెప్పాడు. మా నాన్న చిరిగిన పదిరూపాయల నోటును అంతకంటే ఎక్కువసేపు వెలుతురుకు పెట్టి చూసేవాడు. డాక్టరు బల్లమీద ప్లాస్టిక్ గర్భసంచి బొమ్మ ఒకటి ఉంది. దానిమీద దుమ్ము. దాన్ని ఎవరికీ చూపించిన గుర్తు లేదు.

నేను తల ఊపాను. "బల్కీ"కి ఊపాను, "హిస్టరెక్టమీ"కి ఇంకా గట్టిగా ఊపాను. తెలియని సరుకు పేరు వింటే తెలిసినట్టు తల ఊపడం మా జాతి జబ్బు. తెలియదంటే ఎదుటివాడు రేటు పెంచుతాడని మా నమ్మకం.

బయట టై కట్టుకున్న మనిషొకడు కూర్చున్నాడు. ప్యాకేజీలు చెప్పడమే అతని ఉద్యోగం.

"జర తగ్గించు అన్నా," అన్నాను.

"ప్యాకేజీ సార్. తగ్గది."

"తగ్గకపోతే పైన కొసరు ఏమన్న ఎయ్యి మరి. మేం గూడ దుకాణపోళ్లమే, మాకు తెల్వదా?"

అతను నవ్వి లోపలికి వెళ్లొచ్చాడు. "సార్ ఒప్పుకున్నరు. మీ కోసం బీఎస్ఓ సుత అండ్లనే జేస్తం. బయటైతే దానికి అలగ్ పైసలు తీసుకుంటరు."

"ఖాయమేనా?"

"కాయితం మీద రాసిస్త సార్."

రాయించుకున్నాను. బండిమీద వెనక కూర్చున్న నా భార్య, "ఆ మూడక్షరాలేంది?" అని అడిగింది. "ఎక్స్‌ట్రా చికిత్స," అన్నాను. తవ్విన రోడ్డు దుమ్మంతా నోట్లోకి పోతున్నా గెలిచినవాడి నవ్వు నా మొహంమీద నుంచి పోలేదు.

మా పైవాటాలో ఒక నర్సు ఉండేది. వయసులో మాకంటే పెద్దది, ప్రతి ఆదివారం చర్చికి వెళ్లొచ్చి మెట్లమీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేది. నా భార్య ఆ కాగితం తీసుకుపోయి ఆమె ఒళ్లో పెట్టింది. వెనకే నేనూ వెళ్లాను, నా బేరం నర్సమ్మ కూడా చూడాలి కదా.

ఆమె చదివి ఒలవడం ఆపింది. "పిల్లా, ఇది ఎవలు రాయమన్నరు?"

"ఏముంది అక్కా అండ్ల?"

"హిస్టరెక్టమీ అంటే గర్భసంచి తీసుడు. బీఎస్ఓ అంటే రెండు దిక్కుల అండాశయాలు, ట్యూబులు గూడ తీసుడు. నలభై నిండలే నీకు. అండాశయాలు పోతే రేపటి సంది ఒళ్లంత ఆవిర్లు, ఎముకలు గుల్ల. మంచిగున్నవాటిని ఎందుకు తీస్తరు? ఏమన్న గడ్డలున్నయా?"

కాగితంలో గడ్డల మాటే లేదు. ఇద్దరూ నావైపు చూశారు.

"కొసరు అడిగిన," అన్నాను.

నా భార్య, "నా కడుపుల పుట్నాలున్నయా, కొసరు ఏపించుకుంటానికి?" అంది.

నర్సమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. "స్కోపీ అంటే సన్న గొట్టం పెట్టి లోపల సూసుడు. బయాప్సీ అంటే చిన్న ముక్క దీసి పరీక్షకు పంపుడు. టమీ అంటే కోసుడు. ఎక్టమీ అంటే తీసి అవతల పారేసుడు. ముందు సూడాలె, తర్వాత ముక్క, అటెన్కనే తీసుడు. మీరు సీదా పారేసుడు కాడికే పోయిన్రు తమ్మీ."

మా దుకాణానికి బియ్యం బస్తా వస్తే, కుట్టు విప్పకుండానే సూదిగా ఉన్న ఇనుప గొట్టం గుచ్చి, నాలుగు గింజలు అరచేతిలో పోసుకుని, ఒకటి కొరికి గానీ మా నాన్న దింపుకునేవాడు కాదు. నేనూ అంతే. బస్తాకు స్కోపీ, బయాప్సీ రెండూ చేసే ఇంట్లో పుట్టి, పెళ్లాన్ని గింజ కొరకకుండా అప్పగించి వచ్చాను. ఆ టైవాడి మీద కోపం వచ్చిన మాట నిజమే. కానీ అతను నేను అడిగిందే ఇచ్చాడు. మా నాన్నా అంతే, అమ్ముడుపోని సరుకునే కొసరుగా వేసేవాడు.

మర్నాడు స్కానింగు ఫిల్ము తెచ్చుకోవడానికి ఆ అద్దాల దవాఖానాకు వెళ్లినప్పుడు నా భార్యే కౌంటరు దగ్గర నిలబడింది. "స్కోపీ జేసి సూసినంకనే ఎక్టమీ ముచ్చట. జేస్తరా?"

"అది ప్యాకేజీల రాదమ్మా," అన్నాడు టైవాడు.

తీయడం ప్యాకేజీలో ఉంది, చూడడం లేదు. అంత అద్దం పెట్టి కట్టిన భవనంలో చూసే పని ఒక్కటే లేదు.

సర్కారు దవాఖానాలో రెండు వారాలు వరసలు కట్టాం. అక్కడి డాక్టరమ్మ గొట్టం పెట్టి చూసింది. గర్భసంచి లోపలి పొరమీద చింతగింజంత కండ బుడిపె ఉందట, దాన్ని పాలిప్ అంటారట. "పాలిపెక్టమీ చేస్తాం. తీసిన ముక్కను బయాప్సీకి పంపుతాం," అని, అలవాటుకొద్దీ అనుమతి పత్రం నా చేతికి ఇచ్చింది.

నా భార్య అది లాక్కుంది. "ఎక్టమీ అంటున్రు మేడం. పాలిప్ ఒక్కటే తీస్తరు కదా? గర్భసంచి, అండాశయాలు ఏడియాడనే ఉంటయి కదా?"

"ఉంటాయమ్మా. ఇంతకుముందు ఎవరైనా తీస్తామన్నారా?"

"మా ఆయనే అడిగిండు లెండి," అని నావైపు చూడకుండానే వేలిముద్రలా ఒత్తి ఒత్తి సంతకం పెట్టింది.

డాక్టరమ్మ నావైపు తిరిగింది. "మీరేమైనా అడగాలా?"

నేను నోరు తెరిచాను.

"ఆయన్ని అడగకున్రి మేడం," అంది నా భార్య. "కొసరు అడుగుతడు."

నా భార్యను లోపలికి తీసుకెళ్లాక, ఆమె చెప్పులు పట్టుకుని బయట బెంచీమీద కూర్చున్నాను.