తమ్ముడి చట్టం

అరబ్బు దేశంలో డ్రైవరుగా ఉన్నప్పుడు, షర్క్ పేటలోని ఆఫీసుకు నేను రోజూ కారులో తీసుకెళ్ళే అమెరికా ఇంజనీరు ఒట్టి అనుమానం మనిషి. నా దగ్గర ఆయన నేర్చుకున్న తెలుగు ఒక్కటే: "ఎవరికి లాభం?" సెలవు రోజు మారినా, దారి మళ్ళించినా అదే అడిగేవాడు. మిగతా మాటలన్నీ నా వచ్చీరాని ఇంగ్లీషులోనే.

ఎనభైలలో ఒకసారి, ఆయన తమ్ముడు, అమెరికాలో శాసనసభ్యుడు, అంతకన్నా పెద్ద పదవికి పోటీపడ్డాడు. వాళ్ళ దేశంలో ముందుగా పార్టీవాళ్ళే ఓటేసి తమ అభ్యర్థిని ఎంచుకుంటారట. ఉన్నట్టుండి శాసనసభ చట్టం చేసి, ఆ ఎన్నికను మూడు నెలలు ముందే పెట్టేసింది. ఇక్కణ్ణుంచి ఈయన పోస్టులో పంపే ఓటు సమయానికి చేరే దారి లేదు.

"మా తమ్ముణ్ణి ఓడించడానికే ఈ పన్నాగం," అని మండిపడ్డాడు.

"తమ్ముడు సబలోనే ఉండాడు గదా సార్, అడ్డం పడలేదా?"

"వాడొక్కడు ఏం చేస్తాడు? అమాయకుడు!"

ఫలితం తెలిసిన సాయంత్రం ఫోనులో మాట్లాడి వచ్చి కారెక్కాడు.

"గెలిచినాడా సార్?"

"గెలిచాడు. మిగతావాళ్ళు ప్రచారం మొదలుపెట్టేలోపే ఎన్నిక అయిపోయింది." తలుపు వేసుకుని, "ఆ బిల్లు పెట్టింది వాడేనట. నవ్వుతూ చెప్పాడు," అన్నాడు.

ఆ ఏడు సెలవుకు ఆయన తన దేశానికి వెళ్ళలేదు.