తుడవని ఫ్యాన్ రెక్క

మా పక్క క్వార్టర్ బాబాయి పోయారని అమ్మ ఫోన్ చేసేసరికి నేను కాలేజీ స్టాఫ్ రూములో సెషనల్ పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. పొద్దున్న టీ తాగి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నారట. మళ్ళీ లేవలేదు. అమ్మ ఇంకా ఏదో చెబుతోంది. నా ఎదురుగా ఉన్న పేపర్లో ఒక పిల్లవాడు సమీకరణంలో ఒక పదాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన ఏమీ రాయకుండా కింది లైనుకు వెళ్ళిపోయాడు. అంతకుముందు దిద్దిన పేపర్లన్నిటిలోనూ అదే పదం, అలాగే కొట్టేసి ఉంది. ఆ లెక్కలో దాన్ని కొట్టేయకూడదు. కొట్టేయడం వాళ్ళకు నేర్పింది నేనే.

బాబాయికి నేనొక అబద్ధం చెప్పాను. ఆయన పోయారని విన్నప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు, ఆ అబద్ధం గుర్తొచ్చింది. దిద్దుతున్న పేపరు మూసేసి, హెచ్.ఓ.డి.కి చెప్పి, స్కూటీ తీసుకుని బయల్దేరాను. దారిపొడుగునా అదే నెమరేసుకుంటూ వెళ్ళాను.

ఆయన మాకు రక్తసంబంధం కాదు. నాన్నా ఆయనా ఇద్దరూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, భిలాయి ఉక్కు ప్లాంటు క్వార్టర్లలో పక్కపక్కన స్థిరపడ్డారు. నాన్నది క్రేన్ మీద పని, ఆయనది నూనెల విభాగం. మిల్లు బేరింగులకు నూనె పంపే ట్యాంకులూ పంపులూ నేల కింద ఒక పెద్ద గదిలో ఉంటాయి, దాన్ని ఆయిల్ సెల్లార్ అంటారు. బాబాయి సర్వీసంతా అందులోనే గడిచింది. ఇంటికి రాగానే కిరసనాయిలుతో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడిగేవారు. అయినా గోళ్ళ అంచుల్లో నలుపు రిటైరయ్యాక కూడా వదల్లేదు. ఎక్కడ నూనె చుక్క కనిపించినా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూడనిదే ఊరుకునేవారు కాదు. జనవరిలో మా ఇంట్లో కొబ్బరినూనె గడ్డకడితే, సీసా వంచి, అది జారే తీరు చూసి ఇవాళ చలి ఎంతుందో చెప్పేవారు. అది తలకు రాసుకునే నూనె గానీ మీ సెల్లార్లో నూనె కాదని పిన్ని గోడ అవతలి నుంచి దెప్పేది.

ఇంజనీరింగులో నేను ఫ్లూయిడ్ మెకానిక్స్ మూడుసార్లు తప్పాను. ఇంకొక్క అవకాశమే మిగిలింది, అదీ పోతే డిగ్రీ లేనట్టే. నన్ను ముంచింది స్నిగ్ధ ప్రవాహాల అధ్యాయం. నూనెలాంటి చిక్కటి ద్రవం తనలో తాను రాసుకుంటూ, గోడల్ని పట్టుకుంటూ ఎలా పారుతుందో లెక్కగట్టాలి. దాని సమీకరణం బోర్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంటుంది. అందులో అక్కర్లేని పదాలు కొట్టేస్తూ పోతే చివరికి చేతికి లొంగే చిన్న సమీకరణం మిగులుతుంది. ఏవి కొట్టేయాలో గైడు పుస్తకంలో ఉండేది, నేను బట్టీ పట్టేదాన్ని. ప్రశ్న కాస్త మారితే చాలు, బిక్కమొహం వేసేదాన్ని.

అమ్మ వెళ్ళి పిన్ని దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నట్టుంది. మర్నాటి సాయంత్రం బాబాయి పాత క్యాలెండరు కాగితాలూ ఒక పెన్సిలూ పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఐటీఐ చదివిన మనిషి నాకేం చెబుతారని నాకు లోపల చిన్నచూపు. దాచడమెందుకు, అప్పుడు నేను అలాంటిదాన్నే.

సమీకరణం రాయమన్నారు. గడగడా రాసేసి, నాలుగు పదాలు టకటకా కొట్టేశాను. ఆయన మొదటిదాని మీద పెన్సిలు పెట్టి, "దీన్నెందుకు కొట్టేసినావే?" అన్నారు. అందరూ కొట్టేస్తారు బాబాయ్ అన్నాను. "అందరూ అంటే ఎవులు?" అన్నారు. కొత్త కాగితం తీసి మళ్ళీ మొదటి నుంచి రాయించారు.

"ఎందుకో సెప్పి కొట్టెయ్. సెప్పలేకపోతే అలాగుంచెయ్, దాని మానాన అదుంటాది."

ఆ రోజు నుంచి అదే పద్ధతి. కొట్టేసిన ప్రతి పదం పక్కనా కారణం రాయాలి, అదీ తెలుగులో. మా క్లాసు హిందీలో నడిచేది, పుస్తకం ఇంగ్లీషులో ఉండేది. ఆ రెండిట్లో అయితే అర్థం కాకపోయినా అప్పజెప్పేస్తాననీ, ఇంటి భాషలో అలా కుదరదనీ ఆయన అనుమానం. నా తెలుగు రాత కోడి కెలికినట్టుండేది. కాలంతో మారే పదం పక్కన 'నిన్నా ఇవాళా ఒకేలా పారుతోంది కాబట్టి' అని రాసేదాన్ని. పొడవుతో మారే పదం పక్కన 'ఈ చివరా ఆ చివరా ఒకటే వేగం కాబట్టి' అని. ఒక్కో లెక్కకు గంట పట్టేది. విసుగొచ్చేది. ఆయనకూ వచ్చేదేమో, డ్యూటీ నుంచి వచ్చి కూర్చునేవారు కదా, మధ్యలో కళ్ళు మూతలు పడేవి. నేను కారణం రాయకుండా ముందుకు పోతే మాత్రం ఎలా తెలిసేదో, కళ్ళు తెరిచేవారు.

గోడను ఆనుకున్న ద్రవం కదలదన్న మాట నాకు ఎక్కలేదు. అంత వేగంగా పారే నూనె గోడ దగ్గర ఆగిపోవడమేమిటని వాదించాను. బాబాయి నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళి ముందుగదిలో ఫ్యాన్ ఆపారు. అది ఆగాక చూపించారు. రెండు రెక్కలు శుభ్రంగా ఉన్నాయి, మూడో రెక్క మీద మందంగా దుమ్ము. రోజంతా గాలిని కోస్తూ తిరిగే రెక్క మీద దుమ్ము ఎగిరిపోకుండా ఎలా ఉందని అడిగారు. రెక్కను అంటుకున్న గాలి రెక్కతోపాటే తిరుగుతోంది, దుమ్ముకు అక్కడ గాలి వీచడమే లేదు. మూడో రెక్కే ఎందుకలా ఉందంటే, ప్రతి దీపావళికీ ఇల్లు దులిపేటప్పుడు ఆయన దాన్ని తుడవనిచ్చేవారు కాదు. సెల్లార్లో కొత్తగా చేరిన వాళ్ళను ఇంటికి పిలిచి అదే చూపించేవారట. చుట్టాలొస్తే సిగ్గుతో చచ్చిపోతున్నానని పిన్ని ఏటా గొడవపడేది, ఏటా ఓడిపోయేది.

ఆయన మాటల్లో నాకు బాగా నాటుకుపోయింది ఇంకొకటుంది. సమీకరణాన్ని రెండుసార్లు ఇంటిగ్రేట్ చేస్తే విలువ తెలియని స్థిరాంకాలు రెండు మిగులుతాయి. "రెండు తెలీనివి మిగిల్తే రెండు గోడల్నీ అడుగు" అనేవారు. గోడ దగ్గర వేగం సున్నా అన్న సంగతే వాటి విలువ చెబుతుంది. పైపుకు ఒకటే గోడ కదా, రెండోదానికి ఎవర్ని అడగాలన్నాను. పైపు నడిమధ్యను అడగమన్నారు. పైపు లెక్కలో లాగరిథమ్ ఉన్న పదం ఒకటి వస్తుంది. నడిమధ్యకు వచ్చేసరికి దాని విలువ అనంతమైపోతుంది. అక్కడ మామూలుగా పారుతున్న నూనె ఉంది, దాని వేగం అనంతం కాలేదు. కాబట్టి ఆ లాగ్ పదాన్ని కొట్టేయాలి. 'నడిమధ్యన నూనె ఉంది కాబట్టి' అని కారణం రాయించారు.

ఆ లెక్క పూర్తిచేస్తే పైపు వెడల్పు సగమైనప్పుడు పారే నూనె పదహారో వంతుకు పడిపోతుందని తేలుతుంది. ఆ జవాబు వచ్చిన రోజు ఆయన ఒక పాత సంగతి చెప్పారు. ప్లాంటులో చేరకముందు జాముల్ వైపు ఒక చిన్న ప్రైవేటు మిల్లులో పనిచేశారట. అక్కడ నూనె గొట్టం పగిలితే, స్టోరులో సరైనది లేక సగం వెడల్పుది బిగించి, డ్యూటీ అయిపోయి ఇంటికెళ్ళిపోయారు. తర్వాతి షిఫ్టులో బేరింగు కాలిపోయింది. నూనె సరిగ్గా చూసుకోలేదని ఆ షిఫ్టు ఫిట్టరును పనిలోంచి తీసేశారు. గొట్టం మార్చింది తానేనని బాబాయి నోరు విప్పలేదు. కొన్నేళ్ళ తర్వాత లైబ్రరీ పుస్తకం ముందేసుకుని, ఒక్కో లైనూ కూడబలుక్కుని ఈ లెక్క తనకు తానే నేర్చుకున్నారు.

"సగం గొట్టానికి సగం నూనె వస్తాదనుకున్నానే. పదహారో వంతు. ఆ ఫిట్టరుది కుమ్హారి ఊరు. తరవాతెల్లి ఎతికినాను, దొరకలేదు."

పెన్సిలు నా చేతికిచ్చి తర్వాతి లెక్క చెయ్యమన్నారు.

పరీక్షలో వచ్చింది పైపు లెక్కే, కానీ మెలిక పెట్టి. పైపు నడిమధ్యన, పొడుగూతా ఒక కడ్డీ ఉంది. ఆ రెండిటి మధ్య ఖాళీలో నూనె పారుతోంది. లాగ్ పదం రాగానే నా చెయ్యి అలవాటుగా దాని మీద గీత మొదలుపెట్టింది. పక్కన 'నడిమధ్యన నూనె ఉంది కాబట్టి' అని రాయబోయి ఆగిపోయాను. నడిమధ్యన నూనె లేదు, కడ్డీ ఉంది. కొట్టేయడానికి కారణమే లేదు. గీత ఆపి, పదాన్ని ఉంచేసి, ఈసారి నిజంగానే రెండు గోడలున్నాయి కదాని రెండిటినీ అడిగాను. ఆ పేపరు గట్టెక్కింది. బాబాయికి చెబితే, సగం గీత గీశావు గనక సగమే నేర్చుకున్నట్టు లెక్క అన్నారు. పిన్ని నా నోట్లో పంచదార పోసింది.

తర్వాత నేనే ఆ పేపరు చెప్పే లెక్చరర్‌నయ్యాను. ఏడాదికోసారి రెన్యువలయ్యే ఉద్యోగం. నాలుగు సెక్షన్లు, అటెండెన్స్ ఎక్కించడం, పాస్ శాతం గురించి మీటింగులు. మొదటి రెండేళ్ళు పిల్లల చేత కారణాలు రాయించాను. సిలబస్ వెనకబడిందని మందలించారు. పిల్లలూ ఇంపార్టెంట్ ప్రశ్నలు చెప్పమనే అడిగేవారు. అలిసిపోయాను. అంతకు మించి గొప్ప కారణమేమీ లేదు. పైపు అనగానే లాగ్ కొట్టేసి కింది లైనుకు వెళ్ళిపొండని చెప్పడం మొదలుపెట్టాను. అలా ఎన్ని బ్యాచులు వెళ్ళిపోయాయో.

మొన్న చలికాలంలో అమ్మను చూడ్డానికి వెళ్ళినప్పుడు బాబాయి వరండాలో ఎండలో కూర్చుని ఉన్నారు. బాగా చిక్కిపోయారు. నన్ను చూడగానే కుశలమైనా అడక్కుండా, "పిల్లల చేత కారణాలు రాయిస్తన్నావా?" అన్నారు.

"రాయిస్తున్నాను బాబాయ్" అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. లోపలికి తిరిగి పిన్నితో, "ఇన్నావా? రాయిస్తందట" అన్నారు. నేను తల దించుకుని, పనుందని లేచి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళినప్పుడు నిజం చెబుదామనుకున్నాను. ఆ వెళ్ళడం కుదరలేదు, కుదుర్చుకోలేదు.

శవం లేచే వేళకు సెల్లార్లో ఆయన దగ్గర పని నేర్చుకున్న వాళ్ళు నలుగురు డ్యూటీ బట్టలతోనే వచ్చారు. వాళ్ళలో ఒకాయన ముందుగదిలో నిలబడి పైకి చూడటం నేను గమనించాను. ఆయన ఎందుకు చూస్తున్నాడో నాకు తెలుసు. అప్పుడొచ్చింది ఏడుపు.

పదోరోజు ఇల్లు కడిగారు. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు మంచి మనసుతోనే గోడలు దులిపి, ఫ్యాన్ రెక్కలు మూడూ తళతళా తుడిచేశారు. పిన్ని పీట మీద కూర్చుని దాన్నే చూస్తోంది. నేను పక్కన కూర్చుంటే మెల్లగా, "ఆ ఒక్క రెక్కా వదిలెయ్యండని సెప్పడం మర్సిపోనానే" అంది. ఆమె చెయ్యి పట్టుకున్నాను.

మర్నాడు క్లాసులో పేపర్లు తిరిగి ఇచ్చాను. పైపులో కడ్డీ ఉన్న ఆ ప్రశ్నకు ఎవరికీ మార్కులు తగ్గించలేదు. మీరు నేను చెప్పిందే రాశారు, నేను చెప్పిందే తప్పు అని వాళ్ళతో అన్నాను. టీచర్ నోట అలాంటి మాట విననట్టున్నారు, కొందరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బోర్డు మీద సమీకరణం మొత్తం రాశాను. ఏప్రిల్ ఎండకు గది కాగుతోంది. వెళ్ళి ఫ్యాన్ స్విచ్ ఆపేశాను. ఒక్కసారిగా మేడమ్, గర్మీ, గర్మీ అని గోల. నోట్సులతో విసురుకుంటున్నారు. పైకి చూడమని చెప్పాను. రెక్క మీద దుమ్ము ఇన్నాళ్ళూ ఎందుకు ఎగిరిపోలేదో కారణం చెప్పాలి, ఏ భాషలోనైనా సరే, వాళ్ళ ఇంట్లో మాట్లాడే భాషలో చెబితే ఇంకా మంచిదన్నాను. గోల సద్దుమణిగింది. నలభై తలలు పైకి లేచాయి, నాదీ లేచింది. ఆ ఫ్యాన్ ఆగడానికి చాలాసేపు పట్టింది. చివరి రెండు చుట్లూ మరీ నెమ్మదిగా తిరిగింది. అప్పుడు కనిపించింది, మూడు రెక్కల మీదా, ఎవరూ తుడవని దుమ్ము.